నమ్మదగిన వకీలు ఎలా ఉండాలి? బారిష్టర్ ప్రకాశం జీవితం చెప్పే పాఠం

టంగుటూరి ప్రకాశం పంతులు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆంధ్రకేసరి అనే బిరుదు. ఆ తర్వాత మద్రాసు వీధిలో తుపాకీల ముందు చొక్కా తెరిచి నిలబడిన దృశ్యం. స్కూలు పుస్తకాల్లో పిల్లలు చదివేది కూడా అదే. కానీ ఆ రోజు నాటికి ఆయన వయసు 55 ఏళ్లు. అంతకుముందు ఆయన సగం జీవితం కోర్టుల్లోనే గడిచింది. చిన్న ప్లీడరుగా మొదలై, ఇంగ్లండు వెళ్లి బారిష్టరై, మద్రాసు హైకోర్టులో పెద్ద పెద్ద కేసులు వాదించిన వకీలు ఆయన. ఆ వకీలు గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేది తక్కువ.

కోవూరు నుంచి ఉత్తరంగా హైవే పట్టుకుని పోతే వంద కిలోమీటర్లు దాటాక ఒంగోలు వస్తుంది. ఇప్పుడు అది వేరే జిల్లా, పైగా ఆయన పేరు మీదే ఉన్న జిల్లా. కానీ ప్రకాశం పుట్టి పెరిగిన కాలంలో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు అందులోకి వెళ్లింది. అంటే కోవూరు వాళ్లకు ఆయన పరాయి ఊరి మనిషి కాదు, పాత లెక్కలో సొంత జిల్లా మనిషే.

ఇంట్లో ఒక కుర్రాడిని పోలీసులు తీసుకెళ్లారని తెలిసిన రాత్రి, ఆ ఇంటి పెద్దలకు వచ్చే మొదటి ప్రశ్న ఏ వకీలు దగ్గరికి పోవాలన్నది. అప్పుడు కంగారులో తీసుకున్న నిర్ణయం ఆ కుర్రాడి జీవితంలో కొన్ని ఏళ్లను నిలబెట్టనూ వచ్చు, పోగొట్టనూ వచ్చు. ప్రకాశం వకీలుగా బతికిన తీరు చూస్తే, నమ్మదగిన వకీలును ఎలా గుర్తుపట్టాలో కొంత తెలుస్తుంది.

పూటకూళ్ల ఇంటి నుంచి కోర్టు దాకా

ప్రకాశం 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. ఆయనకు 11 ఏళ్లు ఉన్నప్పుడు తండ్రి చనిపోయారు. ఇల్లు గడవడం కోసం తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపింది. డబ్బు తీసుకుని వచ్చేపోయేవాళ్లకు అన్నం పెట్టడమన్నమాట. ఆ రోజుల్లో దాన్ని తక్కువ పనిగా చూసేవాళ్లు. పిల్లల కోసం ఆ తల్లి ఆ మాటలన్నీ భరించింది.

స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఈ పిల్లవాడి తెలివిని గుర్తించారు. ఆయన రాజమండ్రికి మారినప్పుడు ప్రకాశాన్ని కూడా వెంట తీసుకెళ్లి చదివించారు. నాటకాల పిచ్చి, అల్లరి ఎంత ఉన్నా, వకీలు కావాలన్న కోరిక మాత్రం ఆ కుర్రాడికి చిన్నప్పటి నుంచీ ఉండేది. మద్రాసు వెళ్లి లా చదివి, సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పాసయ్యారు. కొంతకాలానికే రాజమండ్రిలో మంచి ప్రాక్టీసు ఉన్న వకీలుగా పేరు తెచ్చుకున్నారు. 1904లో, ఇంకా 32 ఏళ్లు నిండకముందే, ఆ ఊరి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు.

పూటకూళ్ల ఇంట్లో పెరిగిన పిల్లవాడికి నానారకాల మనుషులు కళ్లముందు ఉంటారు. బండి తోలేవాడు, గుమాస్తా, కోర్టు పనికి వచ్చిన రైతు, అందరూ ఆ పీట మీదే కూర్చుని తిని వెళ్తారు. వకీలు పనికి ఈ అనుభవం ఎంతో పనికొస్తుంది. సాక్షి ఎక్కడ తడబడుతున్నాడో, ముద్దాయి ఏది దాస్తున్నాడో పట్టుకోవాలంటే మనుషుల్ని చదవడం రావాలి. పెద్దింటి మనిషి, కూలి మనిషి అని తేడా లేకుండా చెప్పేది ఓపిగ్గా వినే వకీలు దొరికితే, సగం పని అయినట్టే.

తన హద్దు తెలిసిన మనిషి

ఆ రోజుల్లో వకీళ్లందరూ ఒక్కటి కాదు. సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లోనే వాదించాలి. పై కోర్టుకు పోతే ఆయన మాట చెల్లదు. ఎంత తెలివైనవాడైనా ఫైలు సిద్ధం చేసి ఇంకొకరి చేతికి ఇవ్వాల్సిందే. ఒక కేసు పని మీద ప్రకాశం మద్రాసు వెళ్లినప్పుడు, అక్కడ ఒక బారిష్టరు ఈయనకున్న చట్టం పరిజ్ఞానం చూసి, నువ్వు కూడా బారిష్టరు కావాలని సలహా ఇచ్చారు.

ఊళ్లో ప్రాక్టీసు బాగా నడుస్తోంది, పదవి ఉంది, భార్య హనుమాయమ్మతో సంసారం ఉంది. అయినా అవన్నీ వదిలి 1904లో ఇంగ్లండు ఓడ ఎక్కారు. మాంసం ముట్టనని, తాగనని, పొగ కాల్చనని తల్లికి మాట ఇచ్చి వెళ్లారు. లండన్‌లో చదువు చదువుతూనే రాయల్ ఇండియా సొసైటీలో చేరారు. దాదాభాయి నౌరోజీ బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేస్తే ఆయన ఎన్నిక కోసం పనిచేశారు. ప్రశంసాపత్రంతో బారిష్టరై 1907లో తిరిగొచ్చి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తన చేతిలో లేని కోర్టులో వాదిస్తానని ఆయన ఎవరినీ మభ్యపెట్టలేదు. లేని అర్హతను సంపాదించుకోవడానికి మూడేళ్లు దేశం కాని దేశంలో గడిపారు. ఇప్పుడు గ్రేడ్లు లేవు. 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక బార్ కౌన్సిల్లో పేరు నమోదైన వకీలు దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడవచ్చు. కానీ హక్కు ఉండటం వేరు, ఆ పని వచ్చి ఉండటం వేరు. భూమి తగాదాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఇరవై ఏళ్లుగా చూస్తున్న వకీలు ఎంత మంచివాడైనా, హత్య కేసులో సాక్షుల్ని క్రాస్ చేయడం ఆయనకు అలవాటు లేకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పి, ఫలానా వాళ్ల దగ్గరికి వెళ్లండి అని దారి చూపించే వకీలే నమ్మదగినవాడు. అన్ని కేసులూ నేనే చూస్తానని ఫైలు లాక్కునేవాడి దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

మద్రాసు హైకోర్టులో

ప్రకాశం మద్రాసు వచ్చేనాటికి ఆ హైకోర్టులో బాగా నడిచే బారిష్టర్లలో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్లే. తెలుగు జిల్లాల నుంచి వచ్చిన మనిషి అక్కడ నిలదొక్కుకోవడం అంత తేలిక కాదు. ఈయన సివిల్ కేసులు, క్రిమినల్ కేసులు రెండూ చేశారు. లా టైమ్స్ అనే న్యాయ పత్రికకు సంపాదకులుగా కూడా పనిచేశారు. తీర్పులు ఎప్పటికప్పుడు చదివి, ఏది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకుని ఉంటే తప్ప అలాంటి పత్రిక నడపడం కుదరదు. కోర్టులో ఆయన గొంతు పెద్దదే, అయితే ఆ గొంతు వెనక చదువు ఉంది.

అదే కాలంలో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ దక్షిణాదికి వచ్చి ఉపన్యాసాలు ఇస్తున్నారు. ప్రభుత్వం వాటిని రాజద్రోహం కింద లెక్కగడుతోంది. సభకు అధ్యక్షత వహించడానికి పెద్దమనుషులు భయపడ్డారు. ప్రకాశం ఆ కుర్చీలో కూర్చున్నారు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన బారిష్టరుకు అది చిన్న సాహసం కాదు. జడ్జీలు దొరలు, ప్రభుత్వం దొరలది, పెద్ద కేసులు ఇచ్చే జమీందార్లు ఆ ప్రభుత్వం మాట జవదాటనివాళ్లు.

ఆష్ హత్య కేసు

1911 జూన్ 17న తిరునెల్వేలి కలెక్టర్ ఆష్‌ను మణియాచ్చి రైల్వే జంక్షన్‌లో వాంచినాథన్ అనే యువకుడు తుపాకీతో కాల్చి చంపాడు. అక్కడికక్కడే తననూ కాల్చుకుని చనిపోయాడు. కాల్చినవాడు లేడు కాబట్టి, అతని వెనక ఎవరున్నారన్న దాని మీద పోలీసులు పడ్డారు. చివరికి 14 మందిని ముద్దాయిలుగా నిలబెట్టారు. హత్యతో పాటు ప్రభుత్వం మీద యుద్ధానికి కుట్ర పన్నారన్న నేరం కూడా మోపారు. మద్రాసు హైకోర్టులో ముగ్గురు జడ్జీల ప్రత్యేక బెంచి ముందు విచారణ జరిగింది. ఆ ముగ్గురిలో చీఫ్ జస్టిస్ ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఐలింగ్ ఇంగ్లీషువాళ్లు. మూడో ఆయన జస్టిస్ శంకరన్ నాయర్.

ఒక్కసారి ఆ పరిస్థితి ఊహించుకోవాలి. చనిపోయింది జిల్లా కలెక్టర్, అదీ ఇంగ్లీషు దొర. ప్రభుత్వం మొత్తం కోపంతో ఉంది. పత్రికలు ముద్దాయిలను విచారణకు ముందే నేరస్తులుగా రాసేస్తున్నాయి. అలాంటి కేసులో ముద్దాయి తరఫున నిలబడటమంటే, రేపు అదే జడ్జీల ముందు ఇంకో కేసు వాదించాల్సిన వకీలుకు ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. ప్రకాశం ముద్దాయిల తరఫు వకీళ్లలో ఒకరిగా నిలబడ్డారు. తన కక్షిదారుకు తక్కువ శిక్షతో బయటపడే దారి చూపించారు.

1912 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. 14 మందిలో ఐదుగురు విడుదలయ్యారు. తొమ్మిది మందికి జైలు శిక్షలు పడ్డాయి. మొదటి ముద్దాయి నీలకంఠ బ్రహ్మచారికి ఏడేళ్లు. ఉరిశిక్ష ఒక్కరికీ పడలేదు.

ఈ కేసులో మన కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఉంది. ప్రకాశం తన కక్షిదారును పూర్తిగా విడిపించలేదు. అయినా దాన్ని ఆయన వాదించిన గొప్ప కేసుల్లో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎందుకంటే క్రిమినల్ కేసులో గెలుపంటే ఎప్పుడూ నిర్దోషిగా బయటకు రావడమే కాదు. పెద్ద సెక్షను నిలబడకుండా చేయడం, 14 మందిని ఒకే గాటన కట్టేస్తే అందులో తన మనిషి పాత్ర ఎంతో విడదీసి చూపించడం, శిక్షను తగ్గించడం, ఇవన్నీ గెలుపులే. కుట్ర కేసుల్లో ఇది మరీ ముఖ్యం. పది మంది పేర్ల మధ్య ఒక కుర్రాడి పేరు చేరినప్పుడు, ఆ కుర్రాడి మీద విడిగా ఏ సాక్ష్యం ఉందో కాగితం కాగితం తిరగేసి చూసే వకీలు కావాలి.

వంద శాతం విడిపిస్తాను, పై వాళ్లు నాకు తెలుసు, జడ్జి మన మాట వింటారు అని మొదటి రోజే చెప్పే మనిషిని అందుకే నమ్మకూడదు. కేసులో మనకు అనుకూలంగా ఏముంది, వ్యతిరేకంగా ఏముంది, ఎంత కాలం పట్టవచ్చు అని రెండు వైపులా చెప్పేవాడు వినడానికి చేదుగా ఉన్నా, తర్వాత కష్టంలో నిలబడేది అతనే. ఫలితాన్ని బట్టి ఫీజు అని ఒప్పందం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు కూడా ఒప్పుకోవు. ఆసుపత్రి దగ్గర, స్టేషను దగ్గర మనుషుల్ని పెట్టి కేసులు పట్టించుకోవడమూ వకీలుకు నిషేధమే. స్టేషను బయట టీ కొట్టు దగ్గర తనంత తానే వచ్చి ఫలానా సాబ్ దగ్గరికి తీసుకెళ్తానని వెంటపడే బ్రోకరు దగ్గరే జాగ్రత్త మొదలు కావాలి.

కోటు విప్పిన రోజు

వకీలుగా ప్రకాశం సంపాదన బాగా పెరిగింది. మద్రాసులో, ఊటీలో ఆస్తులు కొన్నారు. అయితే గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు, కోర్టులు బహిష్కరించమన్న మాటను ఆయన పైపైన తీసుకోలేదు. 1921లో ప్రాక్టీసు వదిలేశారు. ఆ ఏడాది అక్టోబరు 29న స్వరాజ్య పత్రిక మొదలుపెట్టారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లో అది వచ్చేది. డిసెంబరులో అహ్మదాబాద్ కాంగ్రెస్ సమావేశంలో ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు.

అది ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు కలిసి నడిచిన కాలం. మలబారులో మోప్లా తిరుగుబాటు జరుగుతుంటే, అక్కడ జనం ఎలా ఉన్నారో చూడటానికి ప్రకాశం బయల్దేరారు. వెళ్లవద్దని ప్రభుత్వం హెచ్చరించింది. అయినా వెళ్లారు. ఫలితంగా ఊటీలో ఉన్న ఆయన ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసింది. ముల్తాన్‌లో హిందూ ముస్లిం గొడవలు జరిగినప్పుడు అక్కడికీ వెళ్లి చూసొచ్చారు. అమృత్‌సర్ దగ్గర గురు కా బాగ్‌లో అకాలీల సత్యాగ్రహం జరిగితే అక్కడా ఉన్నారు. దెబ్బలు తిన్న మనుషుల మతం ఏదన్నది ఆయన చూడలేదు. ఎవరో చెప్పిన మాట మీద కాకుండా స్వయంగా వెళ్లి, కళ్లతో చూసి నిజం తెలుసుకోవడం వకీలుగా అబ్బిన అలవాటే అనుకోవచ్చు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు పక్కనే ఉన్న ప్యారిస్ కార్నర్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. పార్థసారథి అనే యువకుడు చనిపోయాడు. ఆ శవాన్ని చూడటానికి ఎవరినీ పోనివ్వకుండా తుపాకీలు అడ్డం పెట్టారు. ప్రకాశం చొక్కా తెరిచి, కాల్చుకోమని రొమ్ము చూపించి ముందుకు నడిచారు. పోలీసులే తప్పుకున్నారు. ఏళ్ల తరబడి నల్లకోటు వేసుకుని ఆయన తిరిగిన హైకోర్టు ఆ చోటికి కూతవేటు దూరంలోనే ఉంది. కోర్టు లోపల దొరల ముందు వాదించిన మనిషి, కోర్టు బయట తుపాకీ ముందు కూడా అదే మనిషిగా ఉన్నాడు.

వకీలును ఎంచుకునేటప్పుడు ఈ గుణాన్ని కూడా చూడాలి. కేసు పెట్టింది పలుకుబడి ఉన్నవాళ్లయినప్పుడు, పత్రికలు, టీవీలు ముద్దాయిని ముందే దోషిగా తేల్చేసినప్పుడు, ఆ ఫైలు పట్టుకోవడానికి కొందరు వెనకాడతారు. కొన్నిచోట్ల ఫలానా కేసులు తీసుకోకూడదని బార్ అసోసియేషన్లే తీర్మానాలు చేసిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. ఎంత తీవ్రమైన నేరం మోపినా, వకీలును పెట్టుకునే హక్కు ముద్దాయికి ఉంటుంది. రాజ్యాంగం 22వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది.

డబ్బు లెక్క

ప్రకాశం గురించి మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే అది సగం జీవితమే అవుతుంది. డబ్బు దాచుకోవడం ఆయనకు రాలేదు. స్వరాజ్య పత్రికలో తన సంపాదన అంతా పోసినా, అది నష్టాల్లోంచి బయటపడలేదు. అప్పులు మీద పడి చివరికి మూతబడింది. ఆ లెక్కల విషయంలో రాజకీయ ప్రత్యర్థులు ఆయన్ని ఎన్నో మాటలన్నారు. కానీ చనిపోయేనాటికి ఆయన దగ్గర ఆస్తి మిగల్లేదు. రెండుసార్లు ముఖ్యమంత్రి స్థాయి పదవి చేసిన మనిషి అలా ఖాళీ చేతులతో వెళ్లిపోవడం తెలుగువాళ్లు ఇప్పటికీ చెప్పుకునే సంగతి.

నిజాయితీ ఒకటి, లెక్క ఉంచడం ఇంకొకటి. రెండూ కావాలి. వకీలు ఎంత మంచివాడైనా, ఇచ్చిన ప్రతి పైసాకూ రసీదు అడగడం తప్పు కాదు, అవమానమూ కాదు. ఫీజు ఎంత, అది ఏ ఏ పనులకు, బెయిలు పిటిషనుకు వేరా, ట్రయలుకు వేరా, జిరాక్సులు, ప్రయాణం ఖర్చు ఎవరిది అని మొదటే మాట్లాడుకుని ఒక కాగితం మీద రాసుకోవాలి. కక్షిదారు డబ్బుకు లెక్క ఉంచాలని, పని చేయని ఫీజు తిరిగివ్వాలని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. పోలీసులకు ఇవ్వాలి, ఆఫీసులో ఇవ్వాలి అంటూ రసీదు లేని డబ్బు అడిగేవాడు వకీలు పని చేయడం లేదు, దళారీ పని చేస్తున్నాడు.

ఇంకో సంగతి కూడా ప్రకాశం జీవితంలోనే ఉంది. 1921 తర్వాత ఆయన ఎంత గొప్ప బారిష్టరైనా కోర్టుకు వెళ్లే మనిషి కాదు. పేరు పెద్దదైతే చాలదు, తారీఖు రోజున కోర్టులో ఉండే మనిషి కావాలి. పెద్ద పేరు చూసి ఫీజు కట్టాక, ప్రతి వాయిదాకూ రోజుకో జూనియరు రావడం చాలా కుటుంబాలకు తెలిసిన బాధే. మా కేసు ఎవరు చూస్తారు, వాయిదాకు ఎవరు వస్తారు అని ముందే అడగాలి.

పదవిలో ఉన్న వకీలు

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షులుగా ఉండి, రైతుల కష్టాలను వకీలు ఫైలు చదివినట్టు చదివారు. క్విట్ ఇండియాలో మూడేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రిగా పనిచేశారు. 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది.

ఆ 13 నెలల్లోనే, 1954 జూలైలో, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. అంతవరకు కోవూరు మనిషికి కేసు హైకోర్టుకు వెళ్లిందంటే మద్రాసు రైలు ఎక్కడమే. అక్కడ తమిళం మాట్లాడే ఊళ్లో, ఇంగ్లీషులో వాదించే కోర్టులో తన మనిషి జమానత్ కోసం తిరగాలి. తెలుగు జిల్లాల కేసుల కోసం ఏళ్లపాటు అదే కోర్టులో తిరిగిన బారిష్టరు ముఖ్యమంత్రిగా ఉండగా తెలుగువాళ్లకు సొంత హైకోర్టు వచ్చింది. అది 1956లో హైదరాబాదుకు వెళ్లింది. 2019 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉంది.

ఒంగోలు పరిసరాల్లో మండుటెండలో తిరుగుతూ ప్రకాశం వడదెబ్బ తిన్నారు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. 84 ఏళ్లు. ఆయన రాసుకున్న నా జీవిత యాత్ర ఇప్పటికీ దొరుకుతుంది. వకీలు చదువు చదివే పిల్లలు ఉన్న ఇంట్లో ఆ పుస్తకం ఉండటం మంచిది.

ఇప్పటి కుటుంబాలకు

ప్రకాశం కాలంలో పేద ముద్దాయికి దారి చాలా తక్కువ. డబ్బు లేకపోతే వకీలు లేడు. ఇప్పుడు చట్టం కొంత మారింది. వకీలు కోసం వెతికే ఇంట్లో ఈ సంగతులు అందరికీ తెలిసి ఉండాలి.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ జరుగుతున్నప్పుడు వకీలును కలుసుకునే హక్కు ముద్దాయికి ఉంది. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరూ పెట్టకూడదు, అది పోలీసు అడిగినా సరే, వకీలు గుమాస్తా అడిగినా సరే. వకాలత్‌నామా చదివి, అందులో ఏ వకీలు పేరు ఉందో చూసుకుని సంతకం పెట్టాలి.

ఎఫ్ఐఆర్ కాపీ, రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు కాపీలు ఒక సెట్టు ఇంట్లో ఉండాలి. ఆ కాపీలు ఇవ్వడానికి ముఖం చిట్లించే వకీలు గురించి మళ్లీ ఒకసారి ఆలోచించుకోవాలి. కేసు ఏ తారీఖుకు వాయిదా పడిందో ఈ-కోర్టుల వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. వకీలు చెప్పిన తారీఖు, అక్కడి తారీఖు ఒకటేనా కాదా అన్నది చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

జైల్లో ఉన్న మనిషి విషయంలో ఒక లెక్క అందరూ గుర్తుంచుకోవాలి. నేరం తీవ్రతను బట్టి 60 రోజుల్లోనో, 90 రోజుల్లోనో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే, బెయిలు అడిగే హక్కు ముద్దాయికి వస్తుంది. ఉపా లాంటి ప్రత్యేక చట్టాల్లో కోర్టు అనుమతితో ఆ గడువు 180 రోజుల దాకా పెరగవచ్చు. గడువు దాటిన తర్వాత, ఛార్జిషీటు పడేలోపు పిటిషను వేస్తేనే ఆ హక్కు పనికొస్తుంది. ఆ ఒక్క రోజు వకీలు మరిచిపోతే నెలలు, ఏళ్లు పోతాయి. రిమాండైన తారీఖు నుంచి రోజులు లెక్కపెట్టి, గడువు దగ్గరపడగానే తానే ఫోన్ చేసే వకీలు దొరికితే వదులుకోకూడదు.

డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తక్కువ ఆదాయం ఉన్న మిగతావాళ్లకు కూడా ఆ సాయం ఉంది. నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఉచిత వకీలు అనగానే తక్కువగా చూడాల్సిన పని లేదు. పూటకూళ్ల ఇంటి నుంచి వచ్చిన కుర్రాడిని కూడా ఆ రోజుల్లో కొందరు అలాగే చూశారు. ప్రశ్నలు మాత్రం అవే అడగాలి. ఫైలు చదివారా, వాయిదాకు ఎవరు వస్తారు, మన మనిషి మీద ఉన్న సాక్ష్యం ఏమిటి.

వకీలు, వకాలత్, ముద్దాయి, జమానత్, హాజరు, తారీఖు, దస్తావేజు. కోర్టులో వాడే ఈ మాటల్లో చాలావరకు ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి ఇంట్లో మనుషుల్లా కలిసిపోయినవే. వకీలు అంటే ఇంకొకరి తరఫున నిలబడేవాడని అర్థం. ఒక మనిషి స్వేచ్ఛ, ఒక ఇంటి పరువు ఆయన చేతిలో అమానత్‌గా ఉంటాయి. ప్రకాశం తన వకీలు జీవితంలో ఆ అమానత్‌ను కాపాడింది మూడు విషయాలతో. తన హద్దు తెలుసుకుని చదువుకున్నారు. ఎవరి ముందైనా భయం లేకుండా నిలబడ్డారు. కక్షిదారుల నమ్మకం అమ్ముకుని ఆస్తి కూడబెట్టుకోలేదు. కోవూరు కోర్టు మెట్ల మీదైనా, నెల్లూరు సెషన్స్ కోర్టు వరండాలోనైనా, వకీలును వెతికేటప్పుడు ఈ మూడూ ఉన్నాయా అని చూసుకుంటే, తర్వాత పశ్చాత్తాపపడే అవసరం చాలావరకు తప్పుతుంది.